తలనొప్పి లెక్క

తలనొప్పి రాని మనిషి లేదు. ఎండలో నాట్లు వేస్తే వస్తుంది. నిద్ర చాలకపోతే వస్తుంది. జలుబు చేస్తే వస్తుంది. కాసేపు పడుకుంటే పోతుంది. దానికి పాఠం అక్కర్లేదు.

ఈ పాఠం ఇంకో రకం తలనొప్పి గురించి. మన పెద్దవాళ్లు దీన్ని పార్శ్వపు నొప్పి అన్నారు. పార్శ్వం అంటే పక్క. తలకు ఒక పక్క వచ్చే నొప్పి కాబట్టి ఆ పేరు వచ్చింది. కొందరు ఒంటి తలనొప్పి అంటారు. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. పేర్లు మూడు. జబ్బు ఒక్కటే.

ఈ నొప్పి వచ్చిందంటే కణత దగ్గర సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ఎక్కువగా ఒక పక్కనే వస్తుంది. కొందరికి రెండు పక్కలా వస్తుంది. కడుపులో తిప్పుతుంది. వాంతి అవుతుంది. వెలుతురు చూడలేరు. పిల్లలు గట్టిగా మాట్లాడినా భరించలేరు. పోపు వాసన కూడా పడదు. లేచి నడిస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది. నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది. తర్వాత తగ్గిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

కొందరికి నొప్పికి ముందు ఒక గుర్తు కనపడుతుంది. కళ్ల ముందు మెరుపులు మెరుస్తాయి. వంకర టింకర గీతలు కదులుతాయి. అయిదు నిమిషాల నుంచి గంట దాకా అలా ఉండి పోతుంది. ఆ తర్వాత నొప్పి మొదలవుతుంది. ఈ మెరుపుల సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

పార్శ్వపు నొప్పి మగవాళ్ల కంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు ఒంట్లో జరిగే మార్పులు దీనికి ఒక కారణం. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

బయటికి మాత్రం ఏమీ కనపడదు. గాయం ఉండదు. జ్వరం ఉండదు. చెయ్యి విరిగితే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు. తల పగిలిపోతోంది అంటే "మళ్లీ మొదలెట్టింది" అంటారు. పని ఎగ్గొట్టడానికి నాటకం అంటారు. ఇది నాటకం కాదు. ఒట్టి దిగులు కాదు. దిష్టి కాదు. తలలోని నరాలకు సంబంధించిన జబ్బు. నరాలు రేగి, వాటి చుట్టూ ఉన్న రక్తనాళాలు సలుపుతాయి. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. నొప్పిని తగ్గించే మందులు ఉన్నాయి. తరచుగా రాకుండా చేసే మందులూ ఉన్నాయి. ఎవరికి ఏది పని చేస్తుందో మాత్రం ఒక్క రోజులో తెలియదు. వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో చదువు ఎలా పనికొచ్చిందో రమణమ్మ కథలో చూడండి.

రమణమ్మ పట్టిన లెక్క

రమణమ్మది మిరప పండే ఊరు. వయసు 32 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. పెళ్లి కాక ముందు నుంచే ఆమెకు పార్శ్వపు నొప్పి ఉంది. వాళ్ల అమ్మకూ ఉండేది. పొయ్యి దగ్గర అమ్మ తలకు గుడ్డ బిగించి కట్టుకుని కూర్చోవడం రమణమ్మకు బాగా గుర్తు.

మొదట్లో నెలకు ఒకటి రెండుసార్లు వచ్చేది. తర్వాత వారానికి నాలుగు రోజులు రాసాగింది. రమణమ్మ చెయ్యని వైద్యం లేదు. కణతలకు సున్నం పట్టు వేసింది. చర్మం కాలి పుండు పడింది. ముక్కులో తుమ్మి ఆకు పసరు పోయించుకుంది. రెండు రోజులు ముక్కు మండింది. ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంది. మన ఊళ్లలో సూదికి ఉన్న గౌరవం బిళ్లకు లేదు. నిజానికి ఆ సూదిలో చాలాసార్లు ఉండేది నొప్పి మందే. బిళ్లలో ఉండేదీ అదే.

చివరికి కిరాణా కొట్టు బిళ్లకు అలవాటు పడింది. పొద్దున కాఫీతో ఒకటి. కోతకు పోయే ముందు ఒకటి. కొంగున ముడి వేసుకుని ఇంకొకటి.

ఒకనాడు ఏ.ఎన్.ఎం. తోడు వచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. డాక్టరమ్మ బి.పి. చూసింది. కళ్లు చూసింది. తర్వాత అడిగింది.

"బిళ్లలు ఏమన్నా వేసుకుంటున్నావా అమ్మా?"

"నొప్పి వచ్చినప్పుడల్లా వేసుకుంటానండీ."

"నెలకు ఎన్ని?"

"లెక్క పెట్టలేదండీ."

"రాయడం వచ్చా?"

"వచ్చండీ. అక్షరాస్యత కేంద్రంలో నేర్చుకున్నాను."

"అయితే ఒక నెల రాసుకుని రా. నొప్పి ఏ రోజు వచ్చింది, బిళ్ల ఏ రోజు వేసుకున్నావు. అంతే."

రమణమ్మకు ఒళ్లు మండింది. "మందు ఇవ్వమంటే కాపీ రాయమంటుందేంటి వదినా ఈవిడ" అని దారి పొడుగునా ఏ.ఎన్.ఎం. మీద విసుక్కుంది. అయినా రాసింది. పుస్తకం కొనలేదు. గోడ మీది క్యాలెండరు చాలింది. నొప్పి వచ్చిన రోజు అంకె పక్కన "నొ" అని రాసింది. బిళ్ల వేసుకున్న రోజు "బి" అని రాసింది. నెలసరి వచ్చిన రోజు చుట్టూ గుండ్రంగా గీత గీసింది.

అత్తకు కోపం వచ్చింది. "క్యాలెండరంతా పాడు చేస్తున్నావేంటే? ఏకాదశి ఎప్పుడో కనపడనిస్తావా లేదా?" అంది.

నెల ఆఖరున రమణమ్మ లెక్క పెట్టింది. "నొ" లు 17 ఉన్నాయి. "బి" లు 21 ఉన్నాయి.

క్యాలెండరు చుట్టి చంకన పెట్టుకుని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

"నొప్పి 17 రోజులు. బిళ్లలు 21 రోజులు. నొప్పి లేని రోజు కూడా వేసుకున్నావే?"

"వస్తుందేమోనని భయమండీ. కోతకు పోకపోతే కూలి పోతుంది గదా."

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాట రమణమ్మ అంతకు ముందు ఎక్కడా వినలేదు. నొప్పి బిళ్ల మితిమీరి వాడితే ఆ బిళ్లే తలనొప్పి తెస్తుంది. మామూలు నొప్పి బిళ్లలు నెలకు 15 రోజులు, అంతకు మించి వాడితే ఈ ప్రమాదం ఉంది. రెండు మూడు మందులు కలిపి చేసిన బిళ్లలయితే 10 రోజులకే ఉంది. ఇలా మూడు నెలలకు పైగా సాగితే తల ఆ మందుకు అలవాటు పడుతుంది. మందు దిగగానే నొప్పి ఎక్కుతుంది. నొప్పి ఎక్కగానే మనం ఇంకోటి మింగుతాం. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంటాం.

డాక్టరమ్మ కొట్టు బిళ్లలు ఆపమంది. నొప్పి తరచుగా రాకుండా చేసే వేరే మందు రాసింది. అలాంటి మందులు కొన్ని ఉన్నాయి. ప్రొప్రనొలాల్ ఒకటి. అది బి.పి. తగ్గించే మందు. పార్శ్వపు నొప్పికి కూడా పనికొస్తుంది. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లు వాడకూడదు. అమిట్రిప్టిలిన్ ఇంకొకటి. దాన్ని రాత్రి పూట వేసుకుంటారు. నిద్ర పట్టిస్తుంది. ఇవి నొప్పి వచ్చినప్పుడు మింగేవి కావు. రోజూ వేసుకోవాలి. గుణం కనపడడానికి నెలా రెండు నెలలు పడుతుంది. నాలుగు రోజులు వాడి "ఇది పని చెయ్యలేదు" అని పారెయ్యకూడదు. అందరికీ ఒకే మందు సరిపోదు కాబట్టి డాక్టరే చూసి రాయాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ అనే మందును కూడా దీనికి ఇస్తుంటారు. అది కడుపులో బిడ్డకు చాలా చేటు. పిల్లలు పుట్టే వయసులో ఉన్నవాళ్లు ఆ పేరు వింటే డాక్టరుతో ఆ మాట అనాలి.

మొదటి వారం రమణమ్మకు నరకం కనపడింది. బిళ్ల ఆపితే నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఇలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. రమణమ్మ తలుపు వేసుకుని చీకట్లో పడుకుంది. అయిదో రోజు వాంతి చేసుకుంటుంటే అత్త వచ్చి వీపు రాసింది. ఆ పూట వంట ఆవిడే చేసింది. ఏమీ అనలేదు.

పది రోజులు దాటాక నొప్పి నెమ్మదించింది. మూడో నెల క్యాలెండరులో "నొ" లు 6 ఉన్నాయి. "బి" లు 4.

క్యాలెండరు ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ ఆరింటిలో మూడు శుక్రవారాలు. రమణమ్మ శుక్రవారం పొద్దు గుంకే దాకా మంచినీళ్లు కూడా ముట్టదు. ఖాళీ కడుపు పార్శ్వపు నొప్పిని పిలుస్తుంది. రమణమ్మ పూజ మానలేదు. పొద్దున్నే పాలు తాగి, రెండు అరటిపళ్లు తిని చేసుకుంటోంది. మిగిలిన నొప్పులు నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు వచ్చాయి. ఇప్పుడు ఆ తేదీలు ఆమెకు ముందే తెలుసు. ఆ రెండు రోజులు ఎండలో కోతకు పోదు. కళ్లంలో నీడన తాలుకాయలు ఏరే పని అడుగుతుంది.

అందరికీ శుక్రవారమే కారణం కాదు. ఒకరికి నిద్ర తక్కువైతే వస్తుంది. ఒకరికి ఎండ. ఒకరికి సెంటు వాసన. ఒకరికి రోజూ తాగే కాఫీ ఒక పూట తప్పితే వస్తుంది. ఎవరి కారణం వాళ్ల క్యాలెండరులోనే దొరుకుతుంది.

ఏ బిళ్ల, ఎన్ని, ఎప్పుడు

నొప్పి బిళ్ల అసలు వాడకూడదని కాదు. సరిగ్గా వాడితే అది మంచి స్నేహితురాలు.

మొదటి సంగతి, వేళ. నొప్పి మొదలవగానే వేసుకోవాలి. "చూద్దాం, చూద్దాం" అని ముదరనివ్వకూడదు. పార్శ్వపు నొప్పి ముదిరితే కడుపు మందగిస్తుంది. మింగిన బిళ్ల అక్కడే ఉండిపోతుంది. ఒంటికి పట్టదు. వాంతి అయితే బిళ్ల బయటికి వచ్చేస్తుంది. వాంతి ఎక్కువగా ఉన్నవాళ్లకు డాక్టరు వాంతుల బిళ్ల కూడా కలిపి ఇస్తారు. వాంతి తగ్గితే నొప్పి బిళ్ల కూడా బాగా పని చేస్తుంది.

రెండో సంగతి, అంకె. బిళ్లల షీటు మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. మనకు తెలుగే వచ్చు. కానీ అంకెలు వచ్చు. అంకెలు అన్నిచోట్లా ఒకటే. పారాసిటమాల్ షీటు మీద 500 అని గానీ, 650 అని గానీ ఉంటుంది. అది బిళ్లలో ఉన్న మందు బరువు. మిల్లీగ్రాములలో రాస్తారు. 500 బిళ్ల పెద్దవాళ్లు ఒకసారికి ఒకటి గానీ రెండు గానీ వేసుకోవచ్చు. 650 అయితే ఒకటే. మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటలు ఆగడం మంచిది. రోజు మొత్తం మీద 4000 దాటకూడదు. దాటితే కాలేయం చెడిపోతుంది. బక్కపలచగా ఉన్నవాళ్లు, కామెర్లు వచ్చినవాళ్లు, మద్యం అలవాటు ఉన్నవాళ్లు ఇంకా తగ్గించాలి. ఎంతో డాక్టరును అడగాలి.

ఒకే పారాసిటమాల్‌ను కంపెనీలు రకరకాల పేర్లతో అమ్ముతాయి. క్రోసిన్ అన్నా, డోలో అన్నా, కాల్‌పాల్ అన్నా లోపల ఉన్నది అదే. జలుబు బిళ్లల్లో కూడా తరచుగా అదే ఉంటుంది. తలనొప్పికి ఒకటి, జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి మింగితే మూడు మందులు వేసుకున్నట్టు కాదు. ఒకే మందు మూడుసార్లు వేసుకున్నట్టు. షాపతన్ని "ఇందులో ఉన్న మందు పేరేంటి?" అని అడగండి. అతను చెప్పిన పేరు కాగితం మీద తెలుగులో రాసుకోండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. డబ్బు మనది. ఒళ్లు మనది.

ఇబుప్రొఫెన్ 400 కూడా పార్శ్వపు నొప్పికి బాగా పని చేస్తుంది. అన్నం తిన్నాకే వేసుకోవాలి. కడుపులో పుండు ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు వేసుకోకూడదు. ఉబ్బసం ఉంటే డాక్టరును అడగాలి. ఆస్పిరిన్ కూడా ఇలాంటిదే. జ్వరం వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు.

ఈ బిళ్లలకు లొంగని నొప్పికి సుమాట్రిప్టాన్ ఉంది. ఇది 1991లో మొదట అమ్మకానికి వచ్చింది. పార్శ్వపు నొప్పి కోసమే చేసిన మందు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, బి.పి. అదుపులో లేనివాళ్లు వాడకూడదు. ఎర్గాటమిన్ కలిసిన పాత రకం బిళ్లలు కూడా ఇంకా అమ్ముతున్నారు. వాటిని గర్భిణులు ముట్టకూడదు. ఈ రెండు మందులూ డాక్టరు చీటీ మీదే కొనాలి.

మూడో సంగతి, తేదీ. షీటు మీద రెండు తేదీలు ఉంటాయి. ముందరిది మందు తయారైన నెల. వెనకటిది గడువు. గడువు దాటితే వాడకూడదు. షాపులో కత్తెరతో రెండు బిళ్లలు కత్తిరించి ఇస్తారు. తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. కాబట్టి కత్తిరించక ముందే షీటు చేతిలోకి తీసుకుని చూడండి.

ఇక మెరుపుల సంగతి. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనపడేవాళ్లు మాలా-డి, మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. వాళ్లకు ఆ మాత్రల వల్ల పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. మాత్రలు తీసుకునేటప్పుడే ఏ.ఎన్.ఎం.తో గానీ, ఆశాతో గానీ ఈ మాట చెప్పండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి. ఛాయా అనే బిళ్లలో హార్మోన్లు లేవు. కాపర్-టి లోనూ లేవు. దారులు ఇంకా ఉన్నాయి.

ఇంటి వైద్యం

అన్నీ వదిలెయ్యక్కర్లేదు. చీకటి గది, తడిగుడ్డ, నిద్ర. ఈ మూడూ ఖర్చు లేని మందులు. తలకు గుడ్డ బిగించి కట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. శొంఠి కాఫీ కడుపులో తిప్పడాన్ని తగ్గిస్తుంది. తెల్లవారక ముందే పెరుగన్నం తింటే పార్శ్వపు నొప్పి పోతుందని కొందరు అంటారు. అందులో మంత్రం ఏమీ లేదు. కడుపు ఖాళీగా ఉండదు, అదే గుణం.

అమృతాంజనం రాసుకోని ఇల్లు ఉండదేమో. దాన్ని 1893లో బొంబాయిలో తయారు చేసింది మన తెలుగువాడే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ సంపాదనతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టారు. నుదుటికి రాసుకుంటే చల్లగా ఉంటుంది, కొంత ఉపశమనం. కంట్లో పడకూడదు. చంటిపిల్లలకు రాయకూడదు.

వాతలు పెట్టించుకోవడం, కణతలకు సున్నం పూయడం, ముక్కులో, చెవిలో పసరు పోయడం మాత్రం మానాలి. వాటివల్ల నొప్పి మీద ఇంకో నొప్పి వస్తుంది.

ఎప్పుడు ఆగకూడదు

కొన్ని తలనొప్పులు పార్శ్వపు నొప్పి కావు. జీవితంలో ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా పిడుగులా వస్తే ఆగకూడదు. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, తలకు దెబ్బ తగిలాక నొప్పి వచ్చినా ఆగకూడదు. గర్భిణికి అయిదో నెల తర్వాత గట్టి తలనొప్పి వచ్చి చూపు మసకబారితే అది బి.పి. కావచ్చు. అప్పుడు బిళ్ల కోసం కొట్టుకు కాదు, 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవాలి. 50 ఏళ్లు దాటాక మొదటిసారి ఇలాంటి నొప్పి మొదలైనా డాక్టరుకు చూపించాలి.

చెయ్యండి

1. సూరమ్మ ఒక రోజులో 650 బిళ్లలు 7 మింగింది. మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు? 4000 దాటిందా?

2. ఇంట్లో ఉన్న బిళ్లల షీటు ఒకటి కేంద్రానికి తెండి. దాని మీద అంకె చదవండి. గడువు తేదీ చదవండి. పక్కనున్నవాళ్లకు వినిపించండి.

3. మీ ఇంట్లో ఎవరికి పార్శ్వపు నొప్పి ఉంది? వాళ్ల కోసం ఈ నెల క్యాలెండరులో "నొ", "బి" రాయండి. నొప్పి వచ్చిన రోజు ముందు పూట ఏం తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు అన్నది ఒక్క మాటలో పక్కన రాయండి. నెల తిరిగాక ఆ కాగితం ఆశాకు గానీ, డాక్టరుకు గానీ చూపించండి.